దివాలా తీసినా తీరని హక్కు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

మన బంధుమిత్రులెందరో అమెరికాలో స్థిరపడ్డారు. వ్యాపార నష్టమో, ఆసుపత్రి ఖర్చో మీదపడి అప్పులలో మునిగినప్పుడు అక్కడి దివాలా చట్టాన్ని ఆశ్రయించడం ధర్మసమ్మతమేనా అన్నది వారి ప్రశ్న.

1978లో రూపొందిన ఆ ఫెడరల్ చట్టం ప్రకారం, కోర్టులో అర్జీ దాఖలు కాగానే ఋణదాతల వసూలు చర్యలు చాలావరకు నిలిచిపోతాయి. చాప్టర్ 7 క్రింద, మినహాయింపు పొందిన ఆస్తిని వదలి, తక్కినదానిని ట్రస్టీ అమ్మి ఋణదాతలకు పంచుతాడు. శేషించిన అప్పులలో అధికభాగం రద్దవుతుంది. చాప్టర్ 13 క్రింద, క్రమమైన ఆదాయం గలవారు 3 నుండి 5 ఏళ్లపాటు వాయిదాలు చెల్లిస్తారు. పిల్లల పోషణకై చెల్లించవలసిన బాకీ మాత్రం రద్దు కాదు.

గడువు ఇవ్వడం మనకు క్రొత్త కాదు. ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి కలిమి కలిగేదాకా గడువివ్వాలనీ, మాఫీ చేయడం మరింత మేలనీ అల్ బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తోంది. కొన్న పండ్లు నష్టం తెచ్చి అప్పులపాలైన ఒక వ్యక్తికి దానం చేయమని దైవప్రవక్త (స) ప్రజలను కోరారు. అదీ చాలకపోగా, దొరికినంత తీసుకొమ్మనీ, అంతకు మించి లేదనీ ఋణదాతలకు చెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

కనుక నిజంగా చేతకానివాడు చట్టం నీడన చేరితే మనం నిందించరాదు. అయితే కోర్టు ఉత్తర్వు ఋణదాత చేతిని ఆపుతుందే గాని, అతడు మాఫీ చేయనంతవరకు అల్లాహ్ సన్నిధిలో అతని హక్కును చెరపలేదు. వడ్డీ ఆశించక, కష్టార్జితాన్ని ఖర్జె హసనాగా ఇచ్చిన స్నేహితుని మాటేమిటి? రద్దయిన అప్పును స్వచ్ఛందంగా తీర్చడాన్ని ఆ చట్టం సైతం అడ్డుకోదు. మనకు కలిమి తిరిగి వచ్చిన నాడు ఆ తలుపు తెరిచే ఉంటుంది.

అర్జీలో ఆస్తిని దాచడం అబద్ధపు ప్రమాణమే. ఇతరులను వంచించి బంధువులకు ముందుగా చెల్లించడమూ తగదు; అర్జీకి ముందు ఏడాదిలోపు అలా చెల్లించినదానిని ట్రస్టీ తిరిగి రాబట్టగలడు.

ఋణగ్రస్తులు జకాత్‌కు అర్హులని అత్తౌబా సూరా 60వ ఆయత్ తెలుపుతోంది. వారు కోర్టు మెట్లెక్కక మునుపే మనం వారి గడప తొక్కుదాం.

అల్లాహ్ మనందరినీ ఋణభారం నుండి కాపాడుగాక! ఆమీన్.