జూన్‌లో ఎక్కడుంది, ఏప్రిల్‌కి ఎక్కడికొచ్చింది?



ఏజెన్సీ పిల్లలకు చదువు రావట్లేదని ప్రతి సర్వే తర్వాతా వార్త వస్తది. జిల్లా పేరు, పక్కన ఒక శాతం. అది చూసి మనమే తలదించుకుంటాం. ఆ శాతం ఎవరిని కొలిచింది? ఏ భాషలో కొలిచింది? ఈ రెండూ అడగకుండా తలదించుకోవద్దని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

కేంద్రం చేసే నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే చూడండి. 2017లో 3, 5, 8 తరగతులకు పెట్టారు. 2021 నవంబర్ 12న 3, 5, 8, 10 తరగతులకు పెట్టారు. 2024 డిసెంబర్ 4న పరఖ్ సర్వే అని పేరు మార్చి 3, 6, 9 తరగతులకు పెట్టారు. 2017లో మూడో తరగతి చదివిన కోయ బిడ్డ బడి మానకుండా ఉంటే 2021కి ఏడో తరగతిలో ఉండాలి. ఆ ఏడు ఏడో తరగతికి పరీక్షే లేదు. ఆ బిడ్డ ఎంత ఎదిగిందో ఆ సర్వే చెప్పదు, దాన్ని పెట్టింది అందుకు కాదు. కొన్ని బడులు ఎంచుకుని, ఆ రోజు బడికొచ్చిన పిల్లలతో రాయించి, సగటు తీస్తారు. జిల్లా సంగతి తెలియడానికి అది పనికొస్తది. మీ గూడెం బడిలో చదువు జరుగుతోందా లేదా అన్నది అందులో దొరకదు.

2005లో మొదలైన అసర్ సర్వే వేరే రకం. వాళ్లు ఇంటికే వస్తారు కాబట్టి బడి మానేసిన బిడ్డ కూడా లెక్కలోకి వస్తది. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ చదివిస్తారు. ఈ నాలుగు మెట్లు గుర్తుపెట్టుకోండి.

జూన్‌లో అక్షరాలు కూడా రాని బిడ్డ ఏప్రిల్‌కి పేరా చదివిందనుకోండి. పట్నం బడిలో ఇంకో బిడ్డ జూన్‌లోనే కథ చదువుతోంది, ఏప్రిల్‌లోనూ అదే కథ దగ్గరుంది. సగటు చూస్తే పట్నం బడి గొప్పది. ఆ ఏడాది నేర్పింది మాత్రం గూడెం బడి. అక్కడి టీచర్ కష్టం ఏ శాతంలోనూ కనపడదు. అట్లాగే బడికే రాని టీచర్ తప్పు కూడా "ఏజెన్సీ పిల్లలు ఇంతే" అన్న మాట కింద దాక్కుంటది.

ఇక భాష. గ్లాసులో నీళ్ల బొమ్మ చూపిస్తే కోయ బిడ్డ "ఏర్" అంటది. వినేవాళ్లకు కోయ రాకపోతే ఏరు అనుకుని తప్పు వేస్తారు. బిడ్డకు తెలివి లేదని రాసుకుంటారు. అసలు తెలియంది ఎవరికి? ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండీ, కొలామీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ 8 భాషల్లో చదువు మొదలుపెట్టారు. అంటే ఇది సాధ్యమేనని సర్కారుకు ఎప్పుడో తెలుసు. ఏజెన్సీలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటినుంచి ఉద్యోగాల గురించే మాట్లాడుతున్నాం. బిడ్డ మాట అర్థమయ్యే మనిషి బడిలో ఉండాలన్నది కూడా అందులోని సంగతే.

ఎదుగుదల కొలవడం కుదరదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2005లో ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఏడాది మొదట్లో, చివర్లో అవే పిల్లలకు పరీక్ష పెట్టి, కొన్ని బడుల్లో ఎంత పెరిగిందో చూసి టీచర్లకు బోనస్ ఇచ్చారు. బోనస్ మంచిదా కాదా అన్నది పక్కన పెట్టండి, కొలిచిన తీరు చూడండి. మొదటి పరీక్ష రాసి చివరిదానికి రాని బిడ్డను లెక్కలోంచి తీసేయలేదు. ఆ బిడ్డ వల్ల బడి సగటు తగ్గేలా పెట్టారు. మనకు కావాల్సింది ఇదే. జ్వరంతో ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికొచ్చి తిరిగెళ్లని బిడ్డ, మిరప కోతలకు పోయి చదువు ఆగిపోయిన బిడ్డ మన లెక్కలో ఉండాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 24 చదవండి. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా నేర్పాలి. తల్లిదండ్రులతో తరచూ సమావేశం పెట్టి హాజరు, చదువులో ఎదుగుదల చెప్పాలి. ఇది టీచర్ విధి. సెక్షన్ 29 ప్రకారం వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని సెక్షన్ 21 చెప్తోంది.

తమ్ముడూ, చెల్లీ, చదువుకున్నవాళ్లు మీరే. మీ అమ్మానాన్నలతో పాటు కమిటీ మీటింగ్‌కు పొండి. మూడు అడగండి. జూన్‌లో ప్రతి బిడ్డ ఏ మెట్టు మీద ఉందో, ఏప్రిల్‌లో ఏ మెట్టు మీద ఉందో పేరుపేరునా రాసి తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. చిన్న తరగతుల్లో ముందు ఇంటి భాషలో అడగాలి, తర్వాత తెలుగులో. మధ్యలో బడి మానిన బిడ్డ పేరు కొట్టేయకుండా, ఎందుకు మానిందో పక్కన రాయాలి. టీచర్‌ను దొంగలా నిలబెట్టొద్దు. పట్టిక రాయడానికి, మన భాషలో అడగడానికి మీరే సాయంగా కూర్చోండి.

వచ్చే సర్వేలో మళ్లీ మన జిల్లా పేరు కిందనే రావచ్చు. అప్పుడు మన చేతిలో మన పిల్లల పట్టిక ఉండాలి.

జోహార్. జై ఆదివాసీ!