తవుడులో దొరికిన సంస్థ



అమ్మమ్మ వడ్లు దంచుతుంటే పక్కన కూర్చునేవాణ్ణి. రోకటి పోటుకు లేచిన తవుడు ఆవిడ మోచేతుల దాకా అంటుకునేది. చేటతో చెరిగాక బియ్యం డబ్బాలోకి, తవుడు గేదె కుడితిలోకి. బియ్యం కడిగిన నీళ్లూ కుడితిలోకే. మా ఇంట్లో అందరికంటే బలమైన తిండి ఆ గేదెదేనని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

ఆ తవుడులో థయమిన్ ఉంది, అంటే బి1 విటమిన్. అది కరువైతే బెరిబెరి వస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, ఒంటికి నీరు పడుతుంది, చివరికి గుండె నీరసిస్తుంది. దంపుడు బియ్యానికి కొంత తవుడు అంటుకునే ఉంటుంది. మిల్లులో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యానికి అదీ ఉండదు. అందుకే ఒకప్పుడు ఆ బియ్యమే తినే మన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఈ జబ్బు బాగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్లలో అంతగా లేదు. వడ్లు ఉడికేటప్పుడే తవుడులోని విటమిన్ గింజలోకి ఇంకుతుంది మరి!

ఈ బెరిబెరి గుట్టు తెలుసుకోవడానికే 1918లో కూనూరు పాశ్చర్ సంస్థలోని ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ పరిశోధన మొదలుపెట్టారు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది.

ఇక్కడికి వచ్చాక దానికి ఎదురైన జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలే చేతుల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది. ఇది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని అప్పటిదాకా అనుకునేవారు. దక్కను పల్లెల్లో జొన్న తినే పేదలకూ వస్తోందని 1960లో ఆ సంస్థలోని డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం, పెల్లాగ్రా రాకుండా కాపాడే బి3 విటమిన్‌ను అడ్డుకుంటోందని వాళ్ల వాదన. అలాగని జొన్నరొట్టెను తప్పు పట్టకండి. దాని పక్కన పప్పు, పాలు, గుప్పెడు వేరుశనగలు లేకపోవడమే అసలు లోటు. అది పేదరికం పెట్టిన జబ్బు.

బి12 దారి వేరు. అది మొక్కల్లో దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. అవీ మానేసినవాళ్లు వైద్యుణ్ణి అడగాలి.

బి విటమిన్లు నీళ్లలో కరుగుతాయి. కాబట్టి బియ్యాన్ని నలిపి నలిపి కడగకండి. వీలైతే అత్తెసరు పెట్టండి. వార్చక తప్పకపోతే గంజిని తూములో పోయకండి. మా ఇంట్లో గంజి గిన్నె పొయ్యి పక్కనే ఉంటుంది. గోరువెచ్చగా అయ్యాక చిటికెడు ఉప్పు, రెండు గరిటెల మజ్జిగ కలుపుతాం, అంతే.