వైద్యవిద్యాభిలాషులు – ఇతర వ్యాసంగములు



జంషెడ్‌పూరులో 1961లో మహాత్మాగాంధీ స్మారక వైద్యకళాశాలయు, 2020లో మణిపాల్ టాటా వైద్యకళాశాలయు వెలసినవి. రెండింటికిని ప్రవేశద్వారము నీట్ పరీక్షయే. దాని 720 మార్కులలో జీవశాస్త్రమునకు 360, భౌతిక రసాయనశాస్త్రములకు చెరి 180. వీణకుగాని, సంఘసేవకుగాని, పరిశోధనకుగాని ఒక్క మార్కును లేదు. అమెరికాలోనన్నచో వీనిని కూడ పరిశీలింతురు. కావున ఇచట చదువుకొను బిడ్డ రెండేండ్లు వీణను మూలనుంచినచో తల్లిదండ్రులు నొచ్చుకొనరాదు.

అయితే విడుచుటలోను వివేకము వలయును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తొలుత సన్న్యసింపగోరిరి. తల్లి సమ్మతింపకపోగా మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. పిదప అమెరికాకేగి పరిశోధనకు అంకితులైరి. తమ సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును వారి బృందము 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేయగలిగినది. మార్గము మారినది, పరోపకార సంకల్పము మారలేదు.

చదువు పేరిట బిడ్డచేత ఏది మాన్పించినను, ఎదుటివాని బాధను ఓపికతో ఆలకించు అలవాటును మాత్రము మాన్పింపకుడు. దానికి పరీక్షాధికారి మార్కులు వేయడు. రేపు రోగి వేయును.