గడప దగ్గర ఆగవలసిన అభిమానం
(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



తలకు తగిలే దెబ్బల గురించి పావుగంట మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. బండి ఎక్కితే హెల్మెట్ పెట్టుకోండి, బకిల్ బిగించండి. ఆ ముక్క చెప్పేశాను కాబట్టి మిగిలిన సమయం నా ఇష్టం. న్యూరో ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను. గాజు తలుపుకి లోపల జరిగేది డాక్టర్లు చెబుతారు. తలుపు బయట జరిగేది ఎవరూ చెప్పరు. దాని గురించి మాట్లాడతాను. అందుకు మీ అందరికీ తెలిసిన మనిషిని తీసుకుంటాను: మైకేల్ షుమాకర్.

కారు పందేలు చూడనివాళ్లకి కూడా ఆ పేరు తెలుసు. మన వీధిలో ఎవడైనా స్కూటర్ వేగంగా నడిపితే "పెద్ద షుమాకర్ బయల్దేరాడు" అనేవాళ్లం. 1994, 1995లో బెనెటన్ జట్టుకి, ఆ తర్వాత 2000 నుంచి 2004 వరకు వరసగా ఐదేళ్లు ఫెరారీకి, మొత్తం ఏడుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్. 91 పందేలు గెలిచాడు. 1999లో సిల్వర్‌స్టోన్‌లో కాలు విరిగితే అదే ఏడాది మళ్లీ కారెక్కాడు. 2011లో గ్రేటర్ నోయిడాలో జరిగిన మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీలో ఐదో స్థానంలో వచ్చాడు. అంత వేగంలో ఏమీ కాని మనిషికి, రిటైరైన మరుసటి ఏడాది కుటుంబంతో సెలవులకి వెళ్లినప్పుడు దెబ్బ తగిలింది.

2013 డిసెంబర్ 29, ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో మెరిబెల్ అనే చోటు. పద్నాలుగేళ్ల కొడుకుతో కలిసి మంచు మీద స్కీయింగ్ చేస్తున్నాడు. గుర్తులు పెట్టిన రెండు దారుల మధ్య గుర్తులు లేని జాగాలోకి వెళ్లాడు. రాయి తగిలి పడ్డాడు, తల ఇంకో రాయికి కొట్టుకుంది. హెల్మెట్ ఉంది. అది పగిలిపోయింది. హెలికాప్టర్‌లో తరలించి, చివరికి గ్రెనోబుల్ ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేశారు, మర్నాడు రెండోసారి చేశారు. మందులతో కోమాలో ఉంచారు. ఒంటి వేడిని 34, 35 డిగ్రీలకు తగ్గించారు. దీన్ని జనం తప్పుగా అర్థం చేసుకుంటారు. పుర్రె గట్టి గిన్నె. లోపల మెదడు వాస్తే ఆ వాపు పోవడానికి చోటుండదు. అందుకని మెదడుకి పని తగ్గించి పడుకోబెడతారు. అది జబ్బు కాదు, చికిత్స.

ఇక బయట సంగతి. జనవరి 3న ఆయన 45వ పుట్టినరోజు. ఫెరారీ అభిమానులు ఎర్ర బట్టలు, ఎర్ర జెండాలతో ఆసుపత్రి ముందుకొచ్చి మౌనంగా నిలబడ్డారు. అరుపుల్లేవు, తోపులాటల్లేవు. అటువంటి అభిమానానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అదే ఆవరణలో ఒక విలేకరి పాదిరీ వేషం వేసుకుని ఆయన గదిలోకి పోబోయాడని మేనేజర్ సబీన్ కేమ్ చెప్పారు. జనవరి 7న భార్య కొరిన్నా విలేకరులను బతిమాలుకోవలసి వచ్చింది. ఆసుపత్రి నుంచి వెళ్లిపోండి, డాక్టర్లను పని చేసుకోనివ్వండి, మా ఇంటివాళ్లను వదిలేయండి అని. భర్త ప్రాణం వెంటిలేటర్ మీద ఉన్న మనిషి, మరి తను ఎవరికి ధైర్యం చెప్పాలి, ఎవరిని పొమ్మనాలి?

మొదటి రోజుల్లో డాక్టర్లు పత్రికల వాళ్లను కూర్చోబెట్టి పరిస్థితి వివరించారు. అది సరైన పని అనే అంటాను. ప్రమాదం లోకమంతటికీ తెలిసింది, చెప్పకపోతే పుకార్లు లేస్తాయి. 2014 జూన్ 16న ఆయన కోమాలో లేరని, గ్రెనోబుల్ నుంచి వెళ్లారని ప్రకటించారు. ఇక ఆయన లేచి నడిచేశాడన్నంత సంబరపడ్డారు జనం. మన సినిమాల్లో తలకి రెండోసారి దెబ్బ తగలగానే హీరోకి అన్నీ గుర్తొచ్చేస్తాయి, పాటందుకుంటాడు. కోమా నుంచి రావడమంటే కళ్లు తెరవడంతో మొదలయ్యే ప్రయాణం. అది ఎంతదూరం సాగుతుందో ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వడు. ఆ నెలలోనే ఆయన వైద్య పత్రాలు దొంగిలించి అమ్మకానికి పెట్టారు. సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికి తీసుకెళ్లారు. అప్పటినుంచి ఆరోగ్యం గురించి కుటుంబం దాదాపు ఏమీ చెప్పలేదు.

చెప్పకపోతే ఏమైందో చూడండి. నడుస్తున్నాడని 2015లో ఒక జర్మన్ పత్రిక రాసింది, అది నిజం కాదని కుటుంబం కోర్టుకెళ్లింది, 2017లో 50,000 యూరోల పరిహారం వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఇంకో పత్రిక ఆయన మొదటి ఇంటర్వ్యూ అని ముఖచిత్రం వేసింది. జవాబులన్నీ కృత్రిమ మేధ అల్లినవి! ఆ సంపాదకురాలి ఉద్యోగం పోయింది, తర్వాత కుటుంబానికి 2 లక్షల యూరోలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో జర్మనీలోని వుపర్టాల్ కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది. ఆయన సొంత ఫొటోలు, వీడియోలు బయటపెడతామని కోటిన్నర యూరోలు అడిగారు. వాళ్లలో ఒకడు ఆ ఇంట్లోనే కాపలా ఉద్యోగం చేసినవాడు. మిగతావన్నీ చదివి ఊరుకోగలను, ఇది మాత్రం ఊరుకోనివ్వదు. పేషెంటు పక్కన నిలబడే జీతం తీసుకునేది మేమూ కదా.

"మా చప్పట్లతోనే కదా అంతవాడయ్యాడు, ఎలా ఉన్నాడో చెబితే ఏం పోయింది" అని మంచివాళ్లే అడుగుతారు. చప్పట్లు పందేనికి కొట్టాం, పందెం చూపించాడు. బాకీ లేదు. పైగా ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఆయన ఇంటినీ పిల్లల్నీ కెమెరాలకు దూరంగా ఉంచాడు. కొడుకు మిక్ చిన్నప్పుడు కార్టింగ్ పందేల్లో తల్లి పుట్టింటి పేరు పెట్టుకుని, మిక్ బెట్ష్‌గా నడిపేవాడు. ఆ గీత గీసింది మైకేలే. 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో కొరిన్నా అన్నది కూడా ఇంచుమించు అదే: ఆయన ఎప్పుడూ మమ్మల్ని కాపాడాడు, ఇప్పుడు మేం ఆయన్ను కాపాడుతున్నాం అని.

ఆయన ఎలా ఉన్నారో ఊహించడానికి నేనిక్కడికి రాలేదు. నా వార్డులోకొచ్చే పేషెంట్ల సంగతి చెబుతాను. గుండు చేసి ఉంటుంది, గొంతులో గొట్టం ఉంటుంది, ముఖం వాచి సొంత తల్లే ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఫొటో తియ్యొద్దని చెప్పడానికి వాళ్లకు నోరు లేదు. ఆ "వద్దు" వాళ్ల తరఫున ఇంకెవరో అనాలి, అన్నవాళ్లు పొగరుబోతులనిపించుకోవాలి.

మన దగ్గరే జరిగింది. మన బడిలో చదివిన ఒకతను రోడ్డు ప్రమాదంలో పడ్డాడు, పేరు చెప్పను. ఎవరో ప్రేమతోనే ఐసీయూ మంచం మీద ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద అరవై నమస్కారం బొమ్మలు. అది చేతులు మారి మారి, దూరంగా హాస్టల్లో పరీక్షలు రాస్తున్న ఆయన కూతురి ఫోన్‌కి చేరింది. తల్లి ఇంకా ఆ పిల్లకి చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడ ఎవరినీ రావద్దంది, మనవాళ్లు కొందరు నొచ్చుకున్నారు. ఆవిడ పేషెంటును కాపాడుకుంది, అంతే.

అందుకని సంఘానికి ఒక ప్రతిపాదన. మనలో ఎవరికైనా ఇలాంటిది వస్తే, ఆ ఇంటివాళ్లు ఎంచుకున్న ఒక్కరే వాళ్లతో మాట్లాడాలి, మిగతావాళ్లు ఆ ఒక్కరినే అడగాలి. వాళ్లు చెప్పినంతే గ్రూపులో పెట్టాలి. ఫొటోలు వద్దు. డబ్బు ఖాతాలో వేయండి, పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో దిగకండి. ఐసీయూకి బత్తాయిలు తేకండి, ముక్కు గొట్టంతో తాగేవాడికి అవెందుకు? మీరంతా మొదటి వారం వస్తారు, అప్పుడు లోపలికి రానివ్వం. మీరు కావలసింది మూడో నెలలో. ఇంటికెళ్లాక, ఫిజియోథెరపీ మొదలయ్యాక, మంచం పక్కన రెండు గంటలు కూర్చునే మనిషి ఉంటే భార్య తలంటుకుని, బ్యాంకుకెళ్లి వస్తుంది. అప్పటికి ఎవరూ ఉండరు.

ఆ మూడో నెల మనుషుల కోసం ఒక నోటుబుక్కు తెచ్చాను. భోజనాల దగ్గర మా టీచరుగారి టేబుల్ మీద ఉంటుంది. ఏ ఊళ్లో ఉంటారో, వారంలో ఏ రోజు ఖాళీయో రాసి, ఫోన్ నంబరు వేయండి.