ఇంట నొక చిత్రశాల
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు చిత్రములను గూర్చియు శిల్పములను గూర్చియు మాటలాడుట ఏమని కొందఱు తలంపవచ్చును. కాని మన సీమలో అక్షరమును, ఉలియు ఏనాడును పరాయివి కావు. అద్దంకి యందలి పండరంగని శాసనము క్రీ.శ. 848 ప్రాంతము నాటిదని పండితుల నిర్ణయము. తెలుగు పద్యమునకు దొరకిన మిక్కిలి ప్రాచీన సాక్ష్యములలో అది యొకటి. ఆ తరువోజను కట్టిన కవి యెవరైనను, అది పదునొకండు శతాబ్దులు దాటి మనవఱకు వచ్చుటకు కారణము దానిని రాతిపై చెక్కిన చేయి. ఆ చేతికి పేరు లేదు. పేరు లేకున్నను పని నిలిచినది.

అద్దంకి రెడ్డిరాజ్యమునకు తొలి రాజధాని. ఆ ప్రోలయ వేమారెడ్డికే ఎఱ్ఱన తన హరివంశమును అంకిత మొనర్చెను. హరివంశమున ఉషాకథను మీరందఱు ఎఱుగుదురు. ఉష స్వప్నములో గాంచిన పురుషుడెవరో తెలియక వేదనపడుచుండగా, చెలికత్తె చిత్రలేఖ దేవ గంధర్వ మానవుల రూపములను వరుసగా లిఖించి చూపినది. అనిరుద్ధుని రూపము గాంచినంతనే ఉష గుర్తించినది. ఆ చిత్రములు కొలువుకూటమున లిఖింపబడలేదు. ఇంటిలో, ఒక చెలికత్తె చేత, ఒక స్నేహితురాలి దుఃఖము తీర్చుటకై లిఖింపబడినవి. చిత్రకళకు తగిన చోటు రాజాస్థానమే, పట్టణమే అనువారికి ఈ కథయే సమాధానము.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. మన గ్రామములలో చిత్రములు వ్రాయగలవారు లేక కాదు. వ్రాసి మానినవారు పెక్కుమంది యున్నారు. బడిలో బొగ్గుముక్కతో గోడలు నింపిన బాలుడు నేడు పత్తి చేలలో మందు చల్లుచున్నాడు. నూటొక్క చుక్కల ముగ్గును చూడకయే పెట్టగల యిల్లాలు, పెండ్లికి ముందు రంగుల పెట్టె పుట్టింట వదలి వచ్చినది. దుకాణముల మీద బోర్డులు వ్రాసినవారు, సినిమాలకు నిలువెత్తు బొమ్మలు వ్రాసినవారు ప్రతి పట్టణములోను ఉండిరి. యంత్రముపై అచ్చగు ఫ్లెక్సీలు వచ్చినతోడనే వారిలో అనేకుల జీవనము పోయినది. కుంచెలు అటకలపై చేరినవి. జీవనము పోవుట ఒక నష్టము. దానితోపాటు విద్యయు పోవుట రెండవ నష్టము. ఈ రెండవదానిని మనము ఆపవచ్చును.

వయస్సు మీఱినదని వెనుదీయవలదు. 1861లో జన్మించిన రవీంద్రనాథ ఠాకూరు అఱువది యేండ్లు దాటిన పిదపనే చిత్రలేఖనమును గట్టిగా చేపట్టిరి. వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను కలిపి ఆకారములు కల్పించుటతో మొదలైన ఆ పని, 1930లో పారిస్ నగరమున ప్రదర్శన వఱకు సాగినది.

పల్లెటూరని సంకోచింపవలదు. దుగ్గిరాల చెంతనున్న తుమ్మపూడిలో 1914లో జన్మించిన సంజీవదేవ్ యౌవనమున హిమాలయముల వఱకు తిరిగి, కులూ లోయలో రష్యా చిత్రకారుడు నికొలాస్ రోరిక్ సన్నిధిని గడిపి, తిరిగి తన యూరికే వచ్చిరి. 1999లో కన్నుమూయువఱకు ఆ పల్లెనే నివాసముగా చేసికొని చిత్రములు వ్రాసిరి, వ్యాసములు వ్రాసిరి, దేశదేశముల మిత్రులకు లేఖలు వ్రాసిరి. ఆయన చూచిన మంచుకొండలు కృష్ణా డెల్టాలోని ఒక యింట రంగులలో మరల కనబడినవి.

ఒక్కని చేయి కదలినచో ఇల్లంతయు కదలునని రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు జీవితము తెలుపుచున్నది. 1897లో జన్మించి, బొంబాయిలో చదివి, సొంత యూరికి వచ్చి, 1925లోనే, ముప్పదియేండ్లైన నిండకుండ, ఆయన గతించిరి. అయినను ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులైరి. ఇంటిలో రంగుల వాసన యున్నచోట నేర్చుకొనువారు వారంతట వారే పుట్టుదురు.

అట్లయిన ఇంట చిత్రశాల ఎట్లు ఏర్పడవలెను? మేడలు అక్కఱలేదు. వసారాలో ఒక మూల చాలును. కాని ఒక్క నియమము: అచ్చటి వస్తువులను ప్రతి సాయంకాలము ఎత్తి సర్దవలసిన పని ఉండరాదు. సగము వ్రాసిన పటము కంటికి కనబడుచుండవలెను. అది కనబడినంతకాలము మనస్సు దానిపై పని చేయుచునే యుండును. మూటగట్టి అటకపై పెట్టిన మఱునాడే ఆ పని ఆగిపోవును.

ఉత్తరపు కిటికీ యున్న మూల శ్రేష్ఠము. అటు వెలుతురు ప్రొద్దంతయు పెద్దగా మాఱదు. దీపపు కాంతిలో రంగులు వేఱుగా తోచును గనుక రంగుల పని పగటికి, మట్టి పని, పెన్సిలు పని రాత్రికి ఉంచుకొనవచ్చును. మిరపకాయలు ఆరబోసిన దినములలో ఆ చోటును కల్లపు ధూళికి దూరముగా నుంచవలెను. ఆరని నూనెరంగుపై పడిన కారపుపొడి మరల రాదు. కాయలు కోసిన చేతితో కన్ను తుడుచుకొన్నవాని అవస్థ మనకు క్రొత్త కాదు.

మఱియొక జాగ్రత్త మనవంటి పత్తి ప్రాంతమువారికి అత్యవసరము. నూనెరంగులలో కలుపు అవిసెనూనె పీల్చిన గుడ్డలను ఉండగట్టి పడవేసినచో తమంతట తామే వేడెక్కి అంటుకొనగలవు. వాటిని బయట విప్పి ఆరవేయవలెను. ఇంటిలో పత్తి నిలువ చేయువారు ఈ మాట మఱవరాదు.

బొమ్మలు చేయువారికి మట్టిని గూర్చి ఒక మాట. మన నల్లరేగడి పత్తికి తల్లియే గాని బొమ్మకు తగదు. తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వాఱును. కుమ్మరి వాడు మట్టిని అడిగి తెచ్చుకొని, రాళ్లు ఏఱి, బాగుగా మర్దించి, పని ఆపినపుడెల్ల తడిగుడ్డ కప్పవలెను. పెద్ద బొమ్మకు లోపల డొల్ల చేయవలెను. నీడలో మెల్లగా ఆరనీయవలెను. చీమకుర్తి నల్లరాయి మన చెంతనే యున్నను, దాని కాఠిన్యము తొలి ఉలికి లొంగునది కాదు. చేతికి మట్టి లొంగిన పిదప రాయి సంగతి చూడవచ్చును.

చాలకాలమునకు మరల కుంచె పట్టినవారికి ఒక నిరాశ కలుగును. కన్ను పెరిగినది, చేయి మొద్దుబాఱినది. తాను వ్రాసినది తనకే నచ్చదు. అది లోపమని తలంపరాదు. కొన్ని మాసములు ఎవ్వరికిని చూపక వ్రాసికొనవలెను. లెక్కలు వ్రాయువాడను గనుక ఒక లెక్క చెప్పెదను: దినమునకు అరగంట చొప్పున సంవత్సరమునకు 182 గంటలు దాటును. అంత సాధనకు లొంగని చేయి లేదు.

ఇంటివారికిని ఒక విన్నపము. "దీనివలన వచ్చునదేమి?" అని అడుగవలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపము దాల్చిన కాలమున, రైతునకు పుస్తకము దేనికని అడిగినవారును ఉండియుందురు. ఈనాడు ఈ సభయే దానికి జవాబు. ఇల్లాలు కుంచె పట్టిన అరగంట ఆమెను పిలువకుండుటయే మీరు కట్టిపెట్టు చిత్రశాల. దానికి ఇటుకలును సున్నమును అక్కఱలేదు.

కార్యవర్గమువారికి నా ప్రార్థన ఇది. ప్రతి సంవత్సరము వార్షికోత్సవమున రెండు దినములు పఠనమందిరపు బల్లలను ఊరివారి చిత్రములకు, మట్టిబొమ్మలకు విడువుడు. బహుమతులు వలదు, తీర్పులు వలదు. ప్రతి పనిక్రింద చేసినవారి పేరు మాత్రము స్పష్టముగా వ్రాయింపుడు. శాసనము చెక్కిన చేతికి దక్కని గౌరవము మన యూరి చేతులకు దక్కవలెను.