వీసా కోసం ఎదురుచూస్తున్న ఇళ్ళకి (ఆదివారం మీటింగులో చెప్పిన మాటలు)

ఆదివారం మీటింగుకి నైట్ షిఫ్టు వాళ్ళు, వీకెండ్ డ్యూటీ పడినవాళ్ళు రాలేకపోయారు. అక్కడ మాట్లాడింది గ్రూపులో పెట్టమని చాలామంది అడిగారు, అందుకని రాస్తున్నాను. నేను పదో తరగతి వరకే చదివాను, లాయర్ని కాదు. రింగాస్కిడీలో ఫార్మా ప్లాంట్ల పనుల మీద సైటులో మనుషుల్ని చూసుకునే సూపర్‌వైజర్ని. మన కుర్రాళ్ళు టిఫిన్ బాక్సు తెరిచేటప్పుడు ఏం మాట్లాడుకుంటారో రోజూ వింటాను. ఈమధ్య అన్నీ ఒకటే మాటలు. "అన్నా, ఫైలు ఇంకా చెకింగులోనే ఉందట." ఇంటిదాని వీసా గురించి. భార్య అని రాస్తున్నాను గానీ, ఇక్కడ నర్సుగా చేస్తూ భర్త కోసం చూసే అక్కలూ ఉన్నారు. వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

ముందు ఆ చెకింగు అంటే ఏంటో తెలుసుకోండి. తెలియకపోతే ఎవడు ఏది చెప్పినా నమ్ముతాం.

జనరల్ వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు ఇక్కడ ఏడాది ఉన్నాకే భార్య కోసం అప్లై చెయ్యాలి. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ అయితే ఆ ఏడాది ఆగక్కర్లేదు. అప్లికేషన్ అవాట్స్ అనే ఆన్‌లైన్ ఫారంలో నింపి, ఆ ప్రింటు, కాగితాలు పట్టుకుని మన దేశంలో వీఎఫ్ఎస్ సెంటర్‌కి వెళ్తారు. ఫీజు సింగిల్ ఎంట్రీకి 60 యూరోలు, మల్టిపుల్‌కి 100. వీఎఫ్ఎస్ వాళ్ళ చార్జీ వేరే. అక్కడే వేలిముద్రలు తీసుకుంటారు. 2015 నుంచి మన దేశంలో ఈ పద్ధతి ఉంది. ఐర్లాండ్‌కీ బ్రిటన్‌కీ మధ్య జనం తిరగడానికి ఒప్పందం ఉంది కాబట్టి బ్రిటన్ రికార్డులతో కూడా సరిచూస్తారు. అంటే మీ ఆవిడ పెళ్ళికి ముందు లండన్ చదువుకని అప్లై చేసి రిజెక్ట్ అయి ఉంటే, ఆ సంగతి వీళ్ళ బల్ల మీదకి వస్తుంది. ఫారంలో "గతంలో ఏ దేశమైనా వీసా నిరాకరించిందా" అన్న ప్రశ్నకి "లేదు" అని కొట్టేస్తే అయిపోయినట్టే. పాత రిజెక్షన్ వల్ల వీసా పోదు, దాచినందువల్ల పోతుంది. అబద్ధపు సమాచారం ఇచ్చారని తేలితే అప్పీలు కూడా లేకుండా ఐదేళ్ళ దాకా రాకుండా ఆపే అధికారం వాళ్ళకుంది. ఫారం నింపే ఏజెంటు "అదెందుకు రాయడం" అంటాడు. నిషేధం పడేది వాడికి కాదు, మీ ఆవిడకి.

ఇక పేర్లు. మన ఫైళ్ళు చాలావరకు ఇక్కడే చిక్కుకుంటున్నాయని నా అనుమానం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఆధార్‌లో భర్త ఇంటిపేరు, పెళ్ళి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు. ఒకచోట సూర్యకుమారి, ఇంకోచోట సూర్య కుమారి. మనకి అది ఒకే మనిషి. ఇంటిపేరు ముందు రాయడం మనకి మామూలే, తెలుగు రాని ఆఫీసరుకి అది ఎలా తెలుస్తుంది? ఆయనకి ఇద్దరు మనుషుల్లా కనబడతారు, ఫైలు పక్కన పెట్టి ప్రశ్న పంపిస్తాడు. ఆయన అడిగేదాకా ఆగకండి. ఈ పేర్లన్నీ ఒక్కరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి, ఎక్కడ ఏ పేరుందో ఒక పేజీలో ఇంగ్లీషులో రాయించి, మొదటిరోజే పెట్టండి. పెళ్ళి గుడిలో జరిగినా ఫంక్షన్ హాల్లో జరిగినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయిన సర్టిఫికెట్ ఉండాలి. శుభలేఖ, ఫొటోలు దానికి తోడు మాత్రమే.

మన గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్, దుబాయి వెళ్ళి పనిచేసి వచ్చిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఆ ఏళ్ళు ఫారంలో రాయాలి. పాస్‌పోర్టు మీద ముద్రలే చెబుతాయి కదా, దాచి లాభమేంటి? పోలీస్ క్లియరెన్స్ అడిగితే మన దేశానిది పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అప్లై చెయ్యాలి. ఊరి స్టేషన్ నుంచి విచారణకి వచ్చినప్పుడు అమ్మాయి పుట్టింట్లో ఉండి, అడ్రసు అత్తింటిది అయితే, అక్కడ కొన్ని వారాలు పోతాయి. గల్ఫ్‌ది తెప్పించుకోవాలంటే ఇంకా ఎక్కువ. ఇది చదువుతున్నవాళ్ళలో మీ ఆవిడ గల్ఫ్‌లో చేసి ఉంటే, అడిగేదాకా ఆగకుండా ఆ పని ఇప్పుడే మొదలుపెట్టమని నా సలహా.

"లోపల మనిషి ఉన్నాడు, ఫైలు కదిలిస్తా" అనేవాళ్ళ సంగతి. ఏ తేదీన వచ్చిన అప్లికేషన్లు ఇప్పుడు చూస్తున్నారో ఇమ్మిగ్రేషన్ వాళ్ళ వెబ్‌సైటులో పెడతారు. నిర్ణయాలు కూడా అప్లికేషన్ నంబర్ల జాబితాగా పెడతారు. అంతా డబ్బు ఖర్చు లేకుండా మీ ఫోన్లో కనబడుతుంది. ఏజెంటు మీకు ఫోన్ చేసి "రేపో ఎల్లుండో వస్తుంది" అని చెప్పేది ఆ జాబితా చూసే. దానికి డబ్బులు తీసుకుంటాడు.

ఆ జాబితా గురించే ఒక సూపర్‌వైజర్‌గా గట్టిగా చెప్పాలి. జాబితా వచ్చే రోజు సైటులో కొందరి చూపు పని మీద ఉండదు. మొన్న ఒక తమ్ముడు స్కాఫోల్డు మీద, హార్నెస్ క్లిప్పు పెట్టకుండా ఫోన్లో నంబరు వెతుకుతున్నాడు. కిందకి దింపి, ఫోన్ తీసుకుని, టీ తాగించి కూర్చోబెట్టాను. కోప్పడలేదు. నేనూ మా ఆవిడ కోసం నెలల తరబడి చూసినవాణ్ణే. కానీ అమ్మా, అయ్యా, నంబరు పొద్దున చూసినా సాయంత్రం చూసినా అదే నంబరు. ఇంటికెళ్ళాక చూడండి. మీ టీములో ఎవరికైనా ఆరోజు మనసు బాగోకపోతే ఎత్తు మీద పని వద్దని నాకు చెప్పండి, కింద పని ఇస్తాను. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకోటి, యజమాని దగ్గర అణిగిపడి ఉండటం. "వీసా వచ్చేదాకా నోరెత్తను" అని ఓవర్‌టైం డబ్బులు ఎగ్గొట్టినా ఊరుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. జీతం స్లిప్పులే కదా ఫైలుకి ఆధారం, అందుకని భయం. భయంలో కొంత న్యాయం ఉంది, కాదనను. కానీ 2024 సెప్టెంబరు నుంచి చట్టం మారింది. తొమ్మిది నెలలు చేశాక, అదే రకం పనిలో వేరే యజమాని దగ్గరికి మారే దారి ఉంది. మారితే కొత్త యజమాని లెటరు, కొత్త స్లిప్పులు అప్లికేషన్ నంబరు వేసి వీసా ఆఫీసుకి పంపండి. చెప్పకుండా ఉంటేనే చిక్కు. పాత స్లిప్పులో కంపెనీ ఒకటి, ఫోన్ చేస్తే ఇంకొకటి అయితే మళ్ళీ చెకింగే.

వీసా వస్తే ఏంటి లాభం అనేవాళ్ళకి కూడా చెప్తాను. 2024 మే 15 నుంచి జనరల్ పర్మిట్ వాళ్ళ భార్య లేక భర్తకి స్టాంప్ 1జీ ఇస్తున్నారు, విడిగా పర్మిట్ లేకుండా పని చేసుకోవచ్చు. అంతకుముందు స్టాంప్ 3 మీద ఇంట్లోనే కూర్చునేవారు. అంటే ఇప్పుడు ఆలస్యమైన ప్రతి నెలా ఒక జీతం కూడా పోతోంది. అందుకే కాగితాలు మొదటే సరిగ్గా పెట్టమని ఇంతగా చెప్పడం. 2025 నవంబరులో ప్రభుత్వం కుటుంబ వీసాల నిబంధనలు బిగించింది కూడా. పాత స్నేహితుడి ఫైలు చూసి కాపీ కొట్టకండి, ఈరోజు వెబ్‌సైటులో ఉన్నది చదివించుకోండి.

మరీ ఆలస్యమైతే? కార్క్ సిటీలో నాస్క్ అని వలస వచ్చినవాళ్ళకి సలహా ఇచ్చే సంస్థ ఉంది, డబ్బులు అడగరు. మీ ఏరియా టీడీకి రాయొచ్చు. టీడీ అంటే మన ఎంఎల్ఏ లాంటివారు. మన రింగాస్కిడీ కార్క్ సౌత్ సెంట్రల్‌లోకి వస్తుంది, టీషక్ మిహాల్ మార్టిన్ గారు కూడా అక్కడి నుంచే గెలిచారు. వాళ్ళు వీసా ఇప్పించలేరు, ఫైలు ఎక్కడుందో అడగగలరు. ఆ మాత్రమే ఆశించండి. కోర్టు అంటారా, 2016లో డబ్లిన్ హైకోర్టు మహమూద్ కేసులో తనిఖీల పేరుతో కుటుంబ వీసాలు మరీ సాగదీయడం తప్పని చెప్పింది. కాని అది ఈయూ పౌరుల కుటుంబాల చట్టం కింద వచ్చిన తీర్పు. వర్క్ పర్మిట్ వాళ్ళకి అదే మాట నేరుగా పనిచెయ్యదు. ఆ తీర్పు చూపించి డబ్బులు గుంజాలని చూసేవాళ్ళతో జాగ్రత్త. రిజెక్ట్ అయితే మాత్రం అప్పీలుకి ఫీజు లేదు, మామూలుగా రెండు నెలల గడువు. కారణాలన్నీ లెటరులో ఉంటాయి. ఒక్కో కారణానికి ఒక్కో కాగితంతో జవాబివ్వండి, బతిమాలుకునే ఉత్తరం రాయకండి. అప్పీలు ఒక్కసారే.

చివరిగా ఇంటి సంగతి. ఇక్కడ మనకి పని ఉంది, తోడు మనుషులు ఉన్నారు. అక్కడ ఆవిడ అత్తింట్లో ఉంటే, పాలవాడి దగ్గర్నుంచి పిన్నిగారి దాకా "ఇంకా పిలవలేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో అసలు ప్రశ్న వేరేది అని మీకూ తెలుసు. మీరు "వచ్చే నెల ఖాయం" అని చెప్పిన ప్రతిసారీ ఆవిడ ఆ మాట పదిమందికి చెప్పుకుంటుంది, తర్వాత ఆ పదిమంది ముందూ తలదించుకునేది ఆవిడే. కాబట్టి తేదీ చెప్పకండి. వెబ్‌సైటులో ఏ తేదీ ఫైళ్ళు చూస్తున్నారో ఆ స్క్రీన్‌షాట్ పంపండి, ఆవిడనే చూసుకోమనండి. అప్లికేషన్ నంబరు ఆవిడ దగ్గర కూడా ఉండాలి. అది ఆవిడ వీసా కదా! వీలైతే మీ అమ్మగారితో మీరే మాట్లాడి, ఆలస్యం ఆఫీసుదని, కోడలిది కాదని చెప్పండి. ఆ ఒక్క ఫోన్‌తో ఇంట్లో ఎంత తేడా వచ్చిందో చెప్పినవాళ్ళున్నారు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ కలుద్దాం, చోటు గ్రూపులో పెడతాను. బస్సులో వచ్చేవాళ్ళు 223 టైము చూసుకోండి, ఆదివారం తక్కువ తిరుగుతాయి. కాగితాల జిరాక్సులు తెండి, ఒరిజినల్ పాస్‌పోర్టు వద్దు. గ్రూపులో మాత్రం ఎవరూ పాస్‌పోర్టు ఫొటోలు, అప్లికేషన్ నంబర్లు పెట్టకండి. నిన్న పెట్టిన ఇద్దరివి తీసేశాను.