పిట్టలదొర నేర్పిన చదువు

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

  

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడిన పాలకవర్గమునకును, చందాదారులకును నా అభినందనములు. ఇట్టి వేదికపై సత్యమును గూర్చియో, సదాచారమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను మాత్రము అసంబద్ధమును గూర్చి, అనగా పొంతనలేని మాటను, లోకమున లేని ఊహను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ఈ విద్యకు ఆచార్యుని దూరదేశములలో వెదుకనక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వారపు అంగళ్లలో తిరుగాడిన పిట్టలదొరను పెద్దలందరు ఎరుగుదురు. అతనినే తుపాకి రాముడనియు అందురు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజమున కట్టె తుపాకి. కోటలన్నియు తనవేయనును; చెరువులు, తోటలు దానమిత్తుననును; తుదకు పిడికెడు గింజలకై చేయి చాచును. జనులు విరగబడి నవ్వుదురు.

ఆ నవ్వు ఉత్తది కాదు. ఆ కాలమున గడీలలో నిజమైన దొరలుండిరి. వారి ఎదుట నోరు విప్ప వీలులేని కూలివాడు, రైతు, ఈ కట్టె తుపాకి దొరను చూచి మనసార నవ్వగలిగెను. దొరతనమును ఒక వేషమేనని ఆ నవ్వు అతనికి తెలిపెను. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదలి వచ్చిరి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ పోరాటమును పిట్టలదొర తెచ్చెనని నేననను. భయపెట్టువానిని వేషధారిగా ఊహించుకొనుట భయపడినవానికి మొదటి ఊరట యని మాత్రము అందును.

పాశ్చాత్యులును ఈ విషయమును చింతించిరి. 1942లో ఆల్బేర్ కామూ, మానవుని ప్రశ్నకును లోకపు మౌనమునకును గల వైరుధ్యమునే అసంబద్ధమనెను. 1953లో పారిస్ నగరమున సామ్యూల్ బెకెట్ నాటకమొకటి ప్రదర్శింపబడెను. ఇద్దరు నిరుపేదలు చెట్టుక్రింద ఎన్నటికిని రాని ఒకనికొరకు ఎదురుచూతురు, అంతే కథ. చదువరులు పలువురు తికమకపడిరి. కాని 1957లో కాలిఫోర్నియాలోని సాన్ క్వెంటిన్ చెరసాలలో 1,400 మంది ఖైదీలు దానిని చూచి ఇట్టె గ్రహించిరి. నిరీక్షణ యననేమో వారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. దుబాయినుండి వచ్చు ఫోనుకొరకు కాచుకొనియుండు మన ఇండ్లకును చెప్పవలసిన పనిలేదు. ఇల్లు కట్టినవాడు అందు నివసింపలేక ఎడారిలో నుండుట అసంబద్ధము గాక మరేమి? దానిని నవ్వుతో చెప్పుకొనగలుగుట ధైర్యమే.

నేటి కాలమున ఈ చదువు మరింత అవసరము. చేతి ఫోనులలో అబద్ధములు సత్యవేషమున వచ్చుచున్నవి. పిట్టలదొర అబద్ధము అబద్ధపు వేషముననే వచ్చును, ఎవనిని మోసగింపదు. దీనిని విని నవ్వ నేర్చినవాడు దానిని పసిగట్టగలడు. ఊహను ఊహగా ఎరిగినవానికే నిజము నిజముగా తెలియును.

ఊహ కొన్నియెడల చేతికిని అందును. అగ్గిపెట్టెలో ఇమిడెడు చీర యన్నచో ఎవరైనను నవ్వుదురు. సిరిసిల్ల నేతకళాకారుడు నల్ల పరంధాములు దానిని నేసి చూపెను.

కావున నాదొక విన్నపము. పిట్టలదొర మాటలు పెద్దల నాలుకలపై నున్నవి. వారితోపాటు అవియు మరుగుపడనీయరాదు. మన గ్రంథాలయమున ఒక పుస్తకమును తెరచి యువకులు వానిని వ్రాసి యుంచవలెను. పిల్లవాడు ఎన్నడును జరుగని కథ చెప్పినచో, అబద్ధమాడకుమని కసరక, తరువాత ఏమైనదని అడుగుదము. స్వర్ణోత్సవ సభలో ఆ పుస్తకమును చదివి మన మనుమలు మనసార నవ్వుదురు గాక!

సెలవు.